పది పెద్దదా, తొమ్మిది పెద్దదా?



ఒకటో తరగతి పిల్లవాణ్ణి అడిగినా పదే పెద్దదంటాడు. బళ్ళారిలో మా తెలుగు సంఘం గదిలోని కంప్యూటర్లు మాత్రం కొన్ని నెలలపాటు తొమ్మిదే పెద్దదని నమ్మాయి. తప్పు వాటిది కాదు, మాది.

పిల్లలు తెలుగు టైపింగ్ నేర్చుకునే పాత కంప్యూటర్లలో మేము డెబియన్ లినక్స్ పెట్టుకున్నాం. ఫాంట్ల వంటి ప్యాకేజీలను అదే చూసుకుంటుంది. బయటి నుంచి తెచ్చుకున్న ఒక ప్రోగ్రాముకు మాత్రం, ఫోల్డరులో అన్నిటికన్నా కొత్త వెర్షన్ ఏదో చూసి ఎక్కించే చిన్న స్క్రిప్టు మేమే రాశాం. 1.9 తర్వాత 1.10 వచ్చింది. స్క్రిప్టు అక్షరం పక్కన అక్షరం పెట్టి పోల్చింది. చుక్క తర్వాత ఒకదానిలో 9, ఇంకోదానిలో 1. తొమ్మిది కన్నా ఒకటి చిన్నది కదా, 1.10 పాతదని పక్కన పెట్టేసింది. భద్రతా లోపాన్ని సరిచేసింది ఆ 1.10లోనే. ఎర్రర్ ఏదీ రాలేదు కాబట్టి అంతా బాగుందనే అనుకున్నాం.

ఫోనులో పాటలు 1, 10, 11, 2 అని రావడం మీరూ చూసే ఉంటారు. జబ్బు అదే. అక్కడ పాట వెనకాముందూ అవుతుంది, ఇక్కడ తలుపు తెరిచే ఉండిపోతుంది.

అంకెల్ని అంకెలుగా చదివిస్తే చాలదా అంటే, చాలదు. 1.0 విడుదలకు ముందు పరీక్ష కోసం ఒక ప్రతి వస్తుంది. సెమాంటిక్ వెర్షనింగ్ పద్ధతిలో దాన్ని 1.0.0-ఆర్‌సీ1 అని రాస్తారు, అది 1.0.0 కన్నా పాతది. అదే రాత డెబియన్‌కు ఇస్తే 1.0.0 కన్నా కొత్తదంటుంది. పాతదని చెప్పాలంటే అక్కడ అడ్డగీత బదులు టిల్డే గుర్తు పెట్టాలి. తేదీల లెక్కన 20140101 అని నడిచిన ప్యాకేజీ పద్ధతి మార్చి 1.0 అంటే, ఎన్నటికీ పాతదిగానే కనిపిస్తుంది. అందుకే డెబియన్‌లో వెర్షన్‌కు ముందు '1:' అని ఎపాక్ చేర్చే వీలుంది.

మా సభ్యుల పట్టికలోనూ ఇలాంటిదే జరిగింది. కొందరు పేరు తెలుగులో, కొందరు కన్నడలో రాశారు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల అంకెలు కన్నడ అక్షరాల కన్నా ముందుంటాయి. దాంతో కన్నడలో రాసిన పేర్లన్నీ చివరికి పోయాయి. "మమ్మల్ని వెనక్కి తోసేస్తిరేమప్పా" అని ఒక పెద్దాయన అడిగాడు. ఎవరూ తోయలేదు. ఏ వరసలో పెట్టాలో మేము చెప్పలేదు, యంత్రం తనకు తెలిసిన వరసలో పెట్టింది.

మా అభిప్రాయం ఒక్కటే. వరస అనేది పుట్టుకతో వచ్చేది కాదు, నలుగురూ కుదుర్చుకున్న ఒప్పందం. ప్యాకేజీ ఏ వ్యవస్థదో, పోలికను ఆ వ్యవస్థ సాధనానికే అప్పగించాలి. డెబియన్‌లో డీపీకేజీకి వెర్షన్లు పోల్చే ఆజ్ఞ ఉంది, పైథాన్‌కు ప్యాకేజింగ్ అనే లైబ్రరీ ఉంది. సొంత తెలివి ఇక్కడ పనికిరాదు. ప్రోగ్రాములు విడుదల చేసే మన కుర్రాళ్ళు కూడా ఒక పద్ధతి ఎంచుకుని, మధ్యలో మార్చకుండా దానికే కట్టుబడాలి.

మేము ఆ స్క్రిప్టు తీసేశాం. మీ దగ్గరా అలాంటిది ఉంటే, ఈ రోజే 1.9, 1.10 ఇచ్చి చూడండి.