చేతులు కట్టుకో అనకండి

ధ్యాన వాక్యభాగము: నిర్గమకాండము 31:1-6



ఒక మనిషిని నా ఆత్మతో నింపాను అని దేవుడు బైబిలులో మొట్టమొదట ఎవరి గురించి చెప్పాడు? ప్రవక్త గురించి కాదు, రాజు గురించి కాదు. బెసలేలు అనే పనివాడి గురించి. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్కలతో పనిచేసేవాడు. ఆ ఆత్మ అతని చేతుల్లోకి దిగింది. మరి మన బడుల్లో అయిదేళ్ల బిడ్డకు మొదట నేర్పేదేమిటి? "చేతులు కట్టుకో. నోటి మీద వేలేసుకో."

ఇది నాకు మింగుడుపడదు.

మనది సూళ్లూరుపేట. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి మొదటి చిన్న రాకెట్టు లేచింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుండే వెళ్లింది. రాకెట్టు లేచిన ప్రతిసారీ మన పిల్లలు మిద్దెలెక్కి చప్పట్లు కొడతారు. అది ఎట్లా లేచిందిరా అని అడిగితే బిక్కమొగం వేస్తారు. ఒక బెలూను, కొంచెం దారం, ఒక స్ట్రా ముక్క ఇవ్వండి. గాలి వెనక్కి పోతే బెలూను ముందుకు పోతుందని రెండో తరగతి బిడ్డ తన చేత్తోనే తెలుసుకుంటుంది. దానికి పది రూపాయలు కూడా కావు.

పులికాట్‌కు ఫ్లెమింగోలు వస్తే పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు తీస్తాం. ఆ పక్షి తల కిందులుగా పెట్టి, నీళ్లను ముక్కుతో వడకట్టుకుని తింటుంది. పిల్లలకు బురదనీళ్లూ, టీ జల్లెడా ఇచ్చి చూడండి. తర్వాత బంకమట్టితో ఆ ముక్కు చేయమనండి. దానికి అంత వంపు ఎందుకో ఆ చిన్ని వేళ్లకు తెలుస్తుంది. అందులో సైన్సు ఎక్కడ ఆగింది, కళ ఎక్కడ మొదలైంది?

ఇది గాలిమాట కాదు. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వారు 1999 నుండి ఈ పనే చేస్తున్నారు. అక్కడ 172 ఎకరాల ఆవరణ ఉంది. అంతటితో ఆగక ప్రయోగాల సామాను వ్యాన్లలో, మోటారుసైకిళ్ల మీద కూడా పల్లెలకు తీసుకెళ్తున్నారు. ప్రభుత్వం వారి అటల్ టింకరింగ్ ల్యాబులు మంచివే, అయితే అవి ఆరో తరగతి నుండి. అయిదేళ్లు చేతులు కట్టుకుని కూర్చున్న బిడ్డకు అప్పటికి ప్రశ్న అడగడమే మరుపుకొస్తుంది.

"అయ్యగారూ, ఆటలాడితే మార్కులొస్తాయా?" అంటారు తల్లిదండ్రులు. మూడో తరగతికే ఫౌండేషన్ కోర్సు అని ఫీజులు కడుతున్నారే, మట్టి ముట్టకుండా పునాది వేసే మేస్త్రి ఎవరమ్మా?

"సైన్సు ఎక్కువైతే విశ్వాసం పోతుంది" అంటారు కొందరు సేవకులు. సొలొమోను చెట్ల గురించి, పక్షుల గురించి, చేపల గురించి మాట్లాడాడు (1 రాజులు 4:33). దేవుని క్రియలు విచారించి తెలుసుకోదగినవని చెప్పే కీర్తన 111:2ను కేంబ్రిడ్జిలో పేరుపొందిన కావెండిష్ ప్రయోగశాల తలుపు మీద చెక్కించారు. "మట్టిబొమ్మలు విగ్రహాలు కావా?" అంటారు ఇంకొందరు. మొక్కవద్దన్న దేవుడే కెరూబులను చేయమన్నాడు. గాయాలను తాకి చూడమని ప్రభువు తోమాను పిలిచాడే గాని, చేతులు కట్టుకో అనలేదు (యోహాను 20:27).

కాబట్టి సంఘ పెద్దలను సూటిగా అడుగుతున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం హాలుకు తాళం వేసి, మళ్లీ శనివారం సాయంత్రం ఊడ్చేదాకా తీయం. ఆ తాళం తీయండి. నాలుగు బల్లలు, అయస్కాంతాలు, భూతద్దాలు, కత్తెరలు, రంగులు, ఒక బుట్టెడు బంకమట్టి పెట్టండి. మన మధ్య షార్‌లో రిటైరైన సహోదరులున్నారు, వడ్రంగులున్నారు, వలలు అల్లే తల్లులున్నారు. వారానికి ఒక గంట వారిని రమ్మనండి. వి.బి.యస్.లో కంఠత వాక్యాలు ఉండనివ్వండి, పక్కన చేతిపని కూడా ఉండనివ్వండి. జాలరి బిడ్డ, యానాది బిడ్డ, ఏ గుడికి వెళ్లే బిడ్డ వచ్చినా పేరు తప్ప మరేమీ అడగకండి.

రాకెట్టుకు చప్పట్లు కొట్టడానికే దేవుడు మన పిల్లలకు చేతులివ్వలేదు. బెసలేలును నింపిన దేవుడు ఈ చిన్నవారి చేతులను కూడా నింపును గాక. ఆమేన్.