పైనుంచి కనిపించనిది

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బంగాళాఖాతంలోకి చొరబడిన అడ్మిరల్ ఒజావా దళంలోని ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి అవి లేచాయి. నష్టం పరిమితమే. భయానికి మాత్రం హద్దు లేకపోయింది. జనం పిల్లాజెల్లాతో విశాఖ విడిచి పల్లెల దారి పట్టారు. మద్రాసు ఖాళీ కావడానికీ ఆ రోజుల కలవరమే కారణం.

యుద్ధంలో గురిగా ఎంచుకునే రేవు, నౌక, రన్‌వే పైనుంచి కనిపిస్తాయి. సొంత గడ్డమీది తిరుగుబాటుదారుడు అలా కనిపించడు. ఇప్పపూలు ఏరుకునే ఆదివాసీ, తుపాకీ పట్టిన మావోయిస్టు దళ సభ్యుడు పైలట్ కంటికి ఒకటే. 1966 మార్చి 5న మిజో తిరుగుబాటును అణచడానికి మన వైమానిక దళమే ఐజ్వాల్‌పై దాడి చేసింది. ఇళ్లు తగలబడ్డాయి, జనం అడవుల్లోకి పరుగులు తీశారు. తిరుగుబాటు ఆగిందా? 1986 జూన్ 30 ఒప్పందం దాకా, మరో 20 ఏళ్లు సాగింది.

దండకారణ్యంలో మావోయిస్టులపై పోరులో వైమానిక దళ హెలికాప్టర్లను బలగాల తరలింపుకు, క్షతగాత్రులను తేవడానికి వాడారు. ఆత్మరక్షణకే కాల్పులు జరపాలన్నారు. 2013 జనవరిలో సుక్మా ప్రాంతంలో ఒక హెలికాప్టర్‌కు తూటాలు తగిలినా ఆ హద్దును చెరపలేదు. అది సరైన నిర్ణయం. అయితే బలగాలు డ్రోన్లతో బాంబులు వేశాయని 2021 నుంచి బస్తర్ గ్రామస్థులు ఆరోపిస్తున్నారు, పోలీసులు కాదంటున్నారు. దీనిపై స్వతంత్ర విచారణ జరిపించి, నివేదికను పార్లమెంటు ముందుంచాలి.