బృందంలో మూడో గొంతు ఎవరిది?

పాటల పెట్టె

పాత సినిమా పాటల పక్కన పాడినవాళ్ల పేర్లు రాసినప్పుడు చివర్లో ఓ చిన్న మాట కనిపిస్తుంటుంది... చూశారా? ‘బృందం’. ‘పి.లీల, పి.సుశీల, బృందం’ అని ఉంటుందన్నమాట. మొదటి రెండు పేర్లూ మనకు తెలుసు. మరి ఆ మూడోది? బృందం అంటే ఎవరు? ఎంతమంది? వాళ్లది ఏ ఊరు? ఎవరూ చెప్పరు, మనమూ అడగం. పాట బాగుంది కదా అని తల ఊపి ఊరుకుంటాం.

పాశ్చాత్య దేశాల్లో అయితే అమ్మాయిల బృందాలకు ఓ పేరు, ఓ చరిత్ర, అభిమానుల గొడవలు అన్నీ ఉంటాయి. అమెరికాలో ‘సుప్రీమ్స్’ అనే బృందం ఉండేది. 1967లో ఫ్లోరెన్స్ బల్లార్డ్ బయటికెళితే సిండీ బర్డ్‌సాంగ్ వచ్చింది. 1970లో డయానా రాస్ వెళ్లిపోతే జీన్ టెరెల్ వచ్చింది. ‘డయానా ఉన్నప్పటి పాటలే పాటలు’ అనేవాళ్లు ఒకవైపు, ‘ఆమె వెళ్లాక వచ్చిన స్టోన్డ్ లవ్ విన్నారా అసలు?’ అని దెబ్బలాడేవాళ్లు ఇంకోవైపు. మన దేశంలోనూ 2002లో ఛానల్ వీ వాళ్లు పోటీలు పెట్టి మరీ అయిదుగురు అమ్మాయిలతో ‘వివా’ అనే బృందం కట్టారు. కొన్నాళ్లకే అందులో ఒకమ్మాయి తప్పుకుంది. మిగిలిన నలుగురూ రెండో ఆల్బమ్ చేశారు. ఆ తర్వాత ఎవరి దారి వారిది.

తెలుగులో అలాంటి బృందమే లేదా అంటే... ఉంది. కాకపోతే దానికెవరూ పేరు పెట్టలేదు. దాన్ని పోగుచేసింది ఎవరో బయటివాళ్లు కాదు, మన కడప జిల్లావాళ్లే. విజయా సంస్థ!

పదిహేడేళ్లు నిండని పిల్లలు

విజయా ప్రొడక్షన్స్ బి.నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. వీళ్లిద్దరికీ చక్రపాణి, పింగళి తోడయ్యారు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ కథ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ అందులో పాడిన ఆడపిల్లల వయసులు ఎప్పుడైనా లెక్కేశారా? రాకుమారికి పాడిన లీల 1934లో పుట్టింది. సినిమా విడుదలయ్యేనాటికి పదిహేడేళ్లు కూడా నిండలేదు. ‘వగలోయ్ వగలు’ అంటూ హుషారెత్తించిన జిక్కీ అంతకన్నా ఏడాదిన్నర చిన్నది! ఇప్పటి లెక్కలో ఇద్దరూ ఇంటర్ చదవాల్సిన పిల్లలు.

లీలది కేరళ. పాలక్కాడ్ దగ్గర చిత్తూరు. మన చిత్తూరు కాదు, ఆ పేరుతో అక్కడా ఒకటుంది. మలయాళీ అని ముందే తెలిసి విన్నా ఆమె తెలుగులో ఎక్కడా పట్టుబడదు. జిక్కీ అసలు పేరు కృష్ణవేణి. వాళ్ల కుటుంబం చంద్రగిరి నుంచి మద్రాసు వెళ్లింది. 1943లో ‘పంతులమ్మ’ సినిమాకే చిన్నపిల్లగా వచ్చేసింది. అదే ‘పాతాళభైరవి’లో మరో గొంతు టి.జి.కమలాదేవి. ఆమెది కార్వేటినగరం. నటి, గాయని... చాలదన్నట్టు బిలియర్డ్స్‌లో ఛాంపియన్ కూడా! ఆ రోజుల్లో చీర కొంగు బిగించి బిలియర్డ్స్ కర్ర పట్టుకున్న రాయలసీమ ఆడమనిషిని ఊహించుకోండి. ఆమె మీద విడిగా ఓ వారం రాయాలి.

‘వగలోయ్ వగలు’ని నా లెక్కలో కాస్త చిన్నచూపు చూశారనే అంటాను. ‘కలవరమాయే మదిలో’ పక్కన దానికి చోటు దొరకలేదు. జిక్కీ గొంతులో ఉండే ఆ కొంటెతనం, మాట చివర చటుక్కున విరిచే తీరు లీలలో ఉండదు. లీలది శాస్త్రీయం. నిలబెట్టి పాడే గొంతు. జిక్కీది పరుగు. 1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’లో ‘చెట్టులెక్కగలవా’ అని ఘంటసాలను ఆటపట్టించిందీ ఆ గొంతే. అది మన అహోబిలం అడవుల కథ. విజయావాళ్ల సినిమా కాకపోయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాను.

భానుమతి వెళ్లింది... పాట మారింది

1955. ‘మిస్సమ్మ’. ముందు అనుకున్న కథానాయిక భానుమతి. మధ్యలో ఆమె తప్పుకున్నారు, సావిత్రి వచ్చారు. ఈ సంగతి చాలామందికి తెలుసు. ఇంకోటి ఆలోచించండి. భానుమతి తన పాటలు తనే పాడుకునేవారు. ఆమె ఉండి ఉంటే ‘కరుణించు మేరిమాతా’ లీల నోట వినేవాళ్లమా? నాయిక మారడంతో గాయనుల వరసే మారిపోయింది. సావిత్రికి లీల, జమునకు సుశీల.

ఆ సుశీలకు అప్పటికి పంతొమ్మిదేళ్లు. విజయనగరం అమ్మాయి. ‘బాలనురా మదనా’తో ఒక్కసారిగా అందరి నోళ్లలో నానింది. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ పాట కాదు. అదే సినిమాలో లీల, సుశీల కలిసి పాడిన ‘శ్రీజానకీదేవి సీమంతమలరే’. ‘రావోయి చందమామ’ వెలుగులో పాపం ఇది కనపడకుండా పోయింది. సీమంతం పాట. ఇద్దరు గాయనులు పోటీ పడరు, ఒకరి వెనక ఒకరు నడుస్తారు. ఇంట్లో పేరంటానికి వచ్చిన ముత్తయిదువులు పాడుతున్నట్టే ఉంటుంది.

మన ఇళ్లలో ఆడవాళ్ల పాటల జట్లు అలాగే ఉండేవి. ఈ ఏడు గొబ్బిళ్లకు పాడిన పిల్ల పై ఏడుకు పెళ్లయి వెళ్లిపోతుంది. ఆమె చెల్లెలు వచ్చి వరసలో నిలబడుతుంది. పాట మాత్రం ఆగదు. సుప్రీమ్స్ అభిమానులు దెబ్బలాడుకునే సంగతి మన పల్లెల్లో సంక్రాంతి సంక్రాంతికీ జరిగేదే!

చాగలమర్రి గొంతు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 1957. ‘మాయాబజార్’. ఇందులో ఓ తమాషా ఉంది. తెర మీద సావిత్రి ఒక్కరే. అసలు శశిరేఖగా ఉన్నప్పుడు లీల పాడుతుంది. మాయా శశిరేఖగా ‘అహ నా పెళ్లంట’ అని గంతులేసేటప్పుడు మాత్రం గొంతు సుశీలది, మధ్యలో ఘటోత్కచుడు బయటపడే చోట ఘంటసాలది. మొహం ఒకటే, మనిషి వేరు అని చెవికి చెప్పడానికి గాయనినే మార్చేశారు! ఈ ఉపాయం ఎవరిదోగానీ దండం పెట్టాలి.

అదే సినిమాలో ‘విన్నావ యశోదమ్మా’ అనే పాటుంది. గోపికలొచ్చి చిన్నికృష్ణుడి అల్లరి మీద చాడీలు చెప్పడం, తల్లేమో కొడుకును వెనకేసుకు రావడం. పాడింది ముగ్గురు. లీల, సుశీల... స్వర్ణలత.

ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ ఉండేది. రేడియోలో ఈ పాట వస్తే పని ఆపేసి మరీ కూర్చునేది. ‘‘ఆ ఇద్దురు సరే మేయ్... నడుమ ఇంకొకామె ఉండాది, బాగా ఇను’’ అనేది. ఆ ఇంకొకామె మన పక్క ఊరామేనని పెద్దమ్మకు తెలీదు. తెలిసుంటే వీధి వీధంతా చెప్పుకొచ్చేది.

అవును. స్వర్ణలతది చాగలమర్రి! కర్నూలు నుంచి కడప వెళ్లే బస్సెక్కితే నంద్యాల, ఆళ్లగడ్డ దాటాక వచ్చే ఊరే. ఇంకాస్త ముందుకెళితే మైదుకూరు. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1928లో అక్కడ పుట్టిన మహాలక్ష్మే సినిమాల్లో స్వర్ణలత అయింది. అంటే ‘మాయాబజార్’ నాటికి ఆ ముగ్గురిలో పెద్దది ఆమే. ఈ దారిలో ఎన్నిసార్లు వెళ్లుంటాం? అహోబిలం మలుపు రాగానే నరసింహస్వామికి ఓ నమస్కారం పెట్టుకుంటాం. చాగలమర్రి వస్తే టీకి దిగుతాం. ఇక్కడి నుంచి ఓ గొంతు ‘మాయాబజార్’ దాకా వెళ్లిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

స్వర్ణలత గొంతును గుర్తుపట్టడం కష్టమేం కాదు. లీలలా నిండుగా ఉండదు, సుశీలలా తేనె కారదు. కాస్త సన్నగా, చురుగ్గా, ఎదుటివాళ్లను మాటతో గిల్లినట్టుంటుంది. అందుకే ఎక్కువగా హాస్యజంటల పాటలు వచ్చాయి. 1959లో ‘అప్పుచేసి పప్పుకూడు’లో ఘంటసాలతో కలిసి పాడిన ‘కాశీకి పోయాను రామాహరి’ అందరికీ తెలిసిందే. దొంగ సన్యాసి మాటలను ఒక్కొక్కటీ పట్టుకుని దులిపేసే ఆడమనిషి అందులో వినిపిస్తుంది. ఆ గదమాయింపు ఎంత సహజంగా ఉంటుందో! పాట నోటికొచ్చినవాళ్లను ‘పాడిందెవరు?’ అని అడిగి చూడండి. ఘంటసాల అంటారు. ఇంకొకరు? జిక్కీ అంటారు, జమునారాణి అంటారు. స్వర్ణలత అని చెప్పేవాళ్లు పదిమందిలో ఒక్కరు దొరికితే గొప్పే.

దీనికి తోడు ఇంకో చిక్కు. 1990ల్లో తెలుగు, తమిళ పాటలతో ఊపేసిన మరో స్వర్ణలత ఉన్నారు. ఆమెది కేరళ. ‘కరుత్తమ్మ’ అనే తమిళ సినిమాలో పాటకు జాతీయ అవార్డు అందుకుని, 2010లో ముప్పయ్యేడేళ్లకే కన్నుమూశారు. మంచి గాయని, సందేహం లేదు. పేరు ఒకటే కావడంతో ఇద్దరూ కలగాపులగం అయిపోయారు. పాతకాలం పాట కింద కొత్త స్వర్ణలత ఫొటో కనిపిస్తే ఏమనుకోవాలి? 1997లో పోయిన చాగలమర్రి స్వర్ణలతకు చివరికి ఆ పేరు కూడా సొంతంగా మిగల్లేదు.

ఇందులో అప్పటి పద్ధతిదీ కొంత తప్పుంది. సినిమా మొదట్లో పేర్లు వేసేటప్పుడు ‘నేపథ్యగానం’ అని గాయనీ గాయకులందర్నీ ఓ పక్కన వరసగా రాసేసేవారు. ఎవరు ఏ పాట పాడారో తెలిసేది కాదు. చెవే గుర్తుపట్టాలి. పైగా ఆ రోజుల్లో ఇప్పటిలా ఒకరొకరుగా వచ్చి తమ ముక్క పాడి వెళ్లే వీల్లేదు. వాద్యాలు, గాయనులు, బృందం అంతా ఒకే గదిలో, ఒకేసారి. ఎవరు తడబడినా పాట మళ్లీ మొదటికే. అంటే ‘బృందం’ అన్న మాట వెనకున్న అమ్మాయిలు కూడా లీల, సుశీలలతో సమానంగా నిలబడి, అంతే జాగ్రత్తగా పాడినవాళ్లే.

నలుగురు భార్యలు, రెండు గొంతులు

1961లో ‘జగదేకవీరుని కథ’ వచ్చేసరికి జట్టు కుదురుకుంది. జిక్కీ పక్కకు జరిగింది. లీల, సుశీల ముందు వరస. పెండ్యాల సంగీతం. కథలో దేవకన్యలు నలుగురు, ఆడేదీ నలుగురే. ‘జలకాలాటలలో’ గురించి చెప్పను, అది తెలియని ఇల్లుండదు. ‘వరించి వచ్చిన’ వినండి. ఆ వీరుడు ఏమైపోయాడోనని బెంగపడే పిల్లను చెలులు ఆటపట్టించే పాట. అదయ్యాక ‘ఆదిలక్ష్మి వంటి అత్తగారివమ్మ’. నలుగురు కోడళ్లు కలిసి ఒకే అత్తగారిని మంచి చేసుకునే పాట! పొగడ్తలో కాకా ఎంత, భక్తి ఎంత అనేది పింగళివారికే తెలియాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని వింటే అత్తగారు నవ్వినచోట కోడలు నవ్వదు, కోడలు నవ్వినచోట అత్తగారు నవ్వరు.

ఈ సినిమాలోనూ స్వర్ణలత ఉంది. ‘కొప్పునిండా పూవులేమే’. కోడల్ని ఆరాతీసే పాట. విజయావారి పాటల్లో నన్నడిగితే దీనికి మొదటి అయిదింటిలో చోటివ్వాలి. నలుగురూ ఒప్పుకోకపోవచ్చు.

ఆ తర్వాత 1963లో ‘లవకుశ’తో లీల, సుశీలల జోడీ శిఖరానికి చేరింది. లవుడికీ కుశుడికీ ఆ ఇద్దరు ఆడవాళ్లే గొంతులిచ్చారు. అది విజయావాళ్లది కాదు. పైగా అందులో తెలియని పాటంటూ లేదు కాబట్టి ముందుకు వెళ్లిపోదాం. 1966లో ‘శ్రీకృష్ణపాండవీయం’లో దుర్యోధనుడికి ‘స్వాగతం సుస్వాగతం’ పలికిందీ వీళ్లే. తర్వాత్తర్వాత సుశీల ఒక్కరే అన్నీ అయ్యారు. 2008లో పద్మభూషణ్ అందుకున్నారు. లీలకు అదే పురస్కారం 2006లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి మూడు నెలలు. అంతకు ముందు ఏడాది, 2004లో, జిక్కీ వెళ్లిపోయారు.

ఈ ఆదివారం వీలుచేసుకుని ముందుగా ‘విన్నావ యశోదమ్మా’ పెట్టండి. ఒక్కరే వినొద్దు, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. లీల ఎక్కడ, సుశీల ఎక్కడ, చాగలమర్రి ఆవిడ ఎక్కడ అని మాట్లాడుకోండి. ఒక్కసారి వింటే తేలదు. రెండోసారి పెట్టేటప్పటికి వాదన మొదలవుతుంది.