పంతులమ్మకి లైసెన్సు సరే, అది ఎవరి బీరువాలో ఉండాలి?

మొన్న పండక్కి వెళ్తే మా వదిన ఒళ్ళో టెట్ బిట్ బ్యాంకు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా డిగ్రీ చదివే కూతురు. "అమ్మా, పియాజే చెప్పిన రెండో దశ ఏది?" అని అది అడగడం, ఈవిడ కళ్ళజోడు పైకి తోసుకుని ఆలోచించడం! పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తే గానీ ఇద్దరూ లేవలేదు. వదిన 2000 డీయస్సీలో ఎంపికైన సెకండరీ గ్రేడ్ టీచరు. "నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు ఉద్యోగాల్లో సెటిలైపోయారు. నాకు పాఠం చెప్పడం వచ్చో రాదో ఇప్పుడు తేలుస్తారట" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకేం మాట్లాడాలో తోచలేదు.

సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా పాఠాలు చెప్పేవాళ్ళు ఎప్పుడు ఉద్యోగంలో చేరినా సరే టెట్ పాసవ్వాల్సిందేనని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రిటైర్మెంటుకి అయిదేళ్ళకి పైగా ఉన్నవాళ్ళకి రెండేళ్ళు గడువు. అయిదేళ్ళలోపు ఉన్నవాళ్ళు అలాగే కొనసాగవచ్చు గానీ టెట్ లేకుండా ప్రమోషన్ రాదు. మైనారిటీ బడుల సంగతి పెద్ద బెంచికి నివేదించారు. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్‌లో. ఆ ఆగస్టులోనే టెట్ నిబంధనా వచ్చింది. వదిన చేరినప్పుడు ఆ పరీక్ష పేరు కూడా ఎవరికీ తెలీదు.

"డాక్టరుకీ, లాయరుకీ లైసెన్సు ఉన్నప్పుడు పిల్లల్ని అప్పజెప్పే టీచరుకి ఎందుకు ఉండకూడదు?" అని మా వారి వాదన. న్యాయమైన ప్రశ్నే. నేనూ పరీక్షకి వ్యతిరేకిని కాను. కానీ టెట్టూ లైసెన్సూ ఒకటేనా?

మా వీధిలో ఒక నర్సమ్మ ఉంది. ఆవిడ పేరు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉంది, ఆవిడకో నంబరుంది. ఆస్పత్రి మారినా, ఊరు మారినా ఆ నంబరు ఆవిడతోనే వస్తుంది. అడ్వకేట్లకి 1961 చట్టంతో బార్ కౌన్సిళ్ళు వచ్చాయి. మరి టీచర్లకి? 1993 చట్టంతో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఉంది. అది బి.ఇడి. కాలేజీలకి గుర్తింపు ఇస్తుంది, టీచరుకి ఏ చదువు ఉండాలో చెబుతుంది. టీచర్ల పేర్లు రాసుకునే రిజిస్టరు మాత్రం దాని పనుల్లో లేదు. టెట్ అంటే నూటయాభై ప్రశ్నలు, నూటయాభై నిమిషాలు. పాసైతే ఒక కాగితం. మొదట్లో దానికి ఏడేళ్ళే విలువ ఉండేది, 2021లో జీవితకాలం చేశారు. వాకిట్లో ఒకసారి టిక్కెట్టు చూసి లోపలికి పంపినట్టన్నమాట. లోపల మీకేం జరుగుతోందో, మీరేం చేస్తున్నారో ఆ కాగితానికి అక్కర్లేదు.

అక్కర్లేకపోతే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. 2008లో బి.ఇడి. సర్టిఫికెట్ పట్టుకుని మా ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఒరిజినల్స్ ఇమ్మన్నారు. ఏడాది మధ్యలో మానేయకుండా హామీ అట. అందరూ ఇస్తున్నారు, నేనూ ఇచ్చేశాను. అయిదేళ్ళయ్యాక రెండో కాన్పుకి మానేస్తే, "కరస్పాండెంట్ గారు ఊళ్ళో లేరు, వచ్చే వారం రండి" అన్నారు. ఆ వచ్చే వారం ఇంతవరకూ రాలేదు. 2015లో జిరాక్సు కాపీ పెట్టి ఇంకో బడిలో చేరాను.

ఇక కరోనా. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి, జీతం ఆగిపోయింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇస్తామంది. మంచి పనే, కాదనను. కానీ ఎవరు టీచరో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? బడి రికార్డుల్లో పేరున్నవాళ్ళే టీచర్లు. రెండో బడి లెక్కల్లో నా పేరు లేదు. ఒరిజినల్ లేని మనిషి కదా, నా క్లాసులకి బి.ఇడి. ఉన్న ఇంకొకావిడ పేరు రాసి పెట్టారు. నా పేరు మొదటి బడి లెక్కల్లోనే ఇంకా నడుస్తోందని తర్వాత ఒక స్నేహితురాలు చెప్పింది! కాగితం మీద ఒకరు, సుద్దముక్క పట్టుకునేది ఇంకొకరు. మా బియ్యం ఏ ఇంట ఉడికాయో దేవుడికెరుక.

ఇందులో నాలాంటివాళ్ళు ఎందరో. 2024-25 లెక్కల్లో దేశంలో బడి టీచర్లు కోటి దాటారు. సగానికి పైగా ఆడవాళ్ళే. "ఆడపిల్లకి టీచరుద్యోగం బాగుంటుంది, పిల్లలతోపాటే ఇంటికొచ్చేయొచ్చు" అని మనింట్లోనే అంటాం. మొగుడి జీతానికి చేదోడులే అన్న లెక్క మీదే కదండీ యాజమాన్యాలు మనకిచ్చే అంకె వేసేది! వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకే పోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 1994లోనే జీవో నంబరు 1లో రాశారు. ఆ సగం చూశానన్న ప్రైవేటు టీచరు నాకు ఇంతవరకూ తగల్లేదు.

అదే నాకూ ఒక నంబరుంటే? నా చదువు, నా సర్వీసు ఆ నంబరు కింద ప్రభుత్వం దగ్గరే ఉంటే, బడి బీరువాలో నా కాగితం ఉన్నా లేకున్నా ఒకటే. నా పేరు రెండు చోట్ల నడవదు. జీతం కూడా అదే నంబరు మీద బ్యాంకులో పడాలంటే యాజమాన్యం లెక్క చూపించక తప్పదు.

ఇంకో వైపూ ఉంది, తల్లిగా అదీ చెప్పాలి. పిల్లల్ని కొట్టడం విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. అయినా పిల్లవాడి చెయ్యి వాచేలా కొట్టి ఒక బడిలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, జూన్‌లో ఇంకో బడిలో చేరిపోతే ఆపేవాళ్ళెవరు? స్కాట్లండ్‌లో 1965 చట్టంతో టీచర్ల కౌన్సిల్ పెట్టుకున్నారు. టీచర్లు కట్టే రుసుముతోనే అది నడుస్తుంది. ఫిర్యాదులు విచారిస్తుంది, పేరు కొట్టేస్తే ఇక బడిలో పాఠం చెప్పకూడదు. ఇంగ్లండ్ వాళ్ళూ అలాంటిదే పెట్టుకుని 2012లో ఎత్తేశారనుకోండి. రుసుము కడుతున్నాం, మాకు ఒరిగిందేమిటని అక్కడి టీచర్లే గొణిగేవారు. మన దగ్గర పెడితే అదే జరక్కూడదు. జీతానికీ సర్వీసుకీ రక్షణ లేకుండా ఉత్త నంబరిచ్చి రెన్యువల్ ఫీజు గుంజితే, టెట్ కోచింగ్ సెంటర్ల పక్కనే లైసెన్సు కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి, అంతే.

వదిన పరీక్ష రాస్తుంది, పాసవుతుంది కూడా. ఆవిడకి సర్వీసు రిజిస్టరుంది, యూనియనుంది. నా సంగతే తేలలేదు. డూప్లికేట్ సర్టిఫికెట్ కోసం యూనివర్సిటీకి వెళ్తే, పోయిందని పోలీసు స్టేషన్లో రాయించుకు రమ్మన్నారు.

"పోలేదండీ, ఎక్కడుందో నాకు తెలుసు" అన్నాను.

"అలా రాస్తే కుదరదమ్మా" అన్నాడు గుమస్తా.