ఎత్తిపోసే నీటి అసలు ఖరీదు

2025 సెప్టెంబరు 8న గండిపేట జలాశయం వద్ద రాష్ట్ర ముఖ్యమంత్రి ఒక శంకుస్థాపన చేశారు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి జలాలను హైదరాబాదుకు తరలించే పథకమది. అంచనా వ్యయం 7,360 కోట్ల రూపాయలు. అందులో 17.5 టీఎంసీలు నగర ప్రజల దాహార్తిని తీర్చడానికి, మిగిలిన 2.5 టీఎంసీలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లలో నింపి మూసీ నదిలో మంచినీటిని పారించడానికి. మూడు వారాలు తిరగకముందే, అదే నెల చివరి వారంలో, ఆ జంట జలాశయాల గేట్లు ఎత్తవలసి వచ్చింది. మూసీ ఉప్పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు చొరబడింది. చాదర్‌ఘాట్, మూసానగర్ ప్రాంతాల పేదలు ఇళ్లు వదలి బయటపడ్డారు. ఏ జలాశయాలను నింపడానికి గోదావరిని పీఠభూమి ఎక్కించి తేబోతున్నామో, అవే నిండి పొర్లి పేదల గుమ్మాలను ముంచాయి. ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన ఉంచి చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాము.

హైదరాబాదు దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న నగరం. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఎల్లంపల్లి పూర్తి మట్టం 148 మీటర్లు. 2004లో కృష్ణా తొలి దశ మొదలైంది. 2015లో మూడవ దశతో ఆ నీటి సామర్థ్యం రోజుకు 27 కోట్ల గ్యాలన్లకు చేరింది. ఎల్లంపల్లి గోదావరి పథకం 186 కిలోమీటర్ల పైపులైను గుండా మరో 17 కోట్ల 20 లక్షల గ్యాలన్లు తేగలదు. నీరు పల్లమెరుగు అంటారు. ఈ నగరంలో మాత్రం నీరు ఎత్తునెక్కి వస్తున్నది. దానంతటది రాదు కదా, విద్యుత్తు తోయాలి.

ఎంత విద్యుత్తు? వెయ్యి లీటర్ల నీరంటే ఒక టన్ను బరువు. దానిని 350 మీటర్లు పైకెత్తడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, దాదాపు ఒక యూనిట్ ఖర్చవుతుంది. పంపులలో, మోటార్లలో, పైపుల రాపిడిలో పోయేదానిని కలిపితే యూనిట్టుంబావుకు తగ్గదు. పై రెండు నదుల పథకాలు పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు 20 లక్షల కిలోలీటర్లు. అంటే కనీసం 25 లక్షల యూనిట్లు, ఒక్క రోజుకు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తు వెనుక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తున్నది. ఆ లెక్కన నగరం మంచినీళ్లు తాగడానికి ప్రతి రోజూ 1,700 టన్నులకు పైగా కర్బన వాయువును వదులుతున్నది. ఇది మా గుణకారమే. ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనా సరిచూడవచ్చు. ఇక్కడొక విచిత్రం కూడా ఉన్నది. రామగుండం థర్మల్ కేంద్రానికి నీరిచ్చేదీ ఎల్లంపల్లి జలాశయమే. కరెంటు పుట్టడానికి నీరు కావాలి, ఆ నీరు కొండెక్కడానికి కరెంటు కావాలి, మధ్యలో మండేది సింగరేణి బొగ్గు.

ఈ నగరానికి నీరు ఎల్లప్పుడూ ఇలా రాలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వెలిశాయి. వాటి మొదటి పని వరదను ఆపడం, రెండవది దాహం తీర్చడం. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, దాదాపు 545 మీటర్లు. అది నగరంలో అత్యధిక భాగం కంటే ఎత్తు. అందువల్లనే గండిపేట నీరు కాలువ వెంట తన బరువుతో తానే దిగి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేది. ‘గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు విడువడు’ అని మన పెద్దలు మురిసిపోయిన ఆ నీటికి కరెంటు బిల్లు లేదు. నాటి ఇంజనీర్లు కర్బన ఉద్గారాల మాట వినలేదు. నేల వాలును మాత్రం చదవగలిగారు.

ఆ వాలును మనం ఏం చేసుకున్నాము? 1996 మార్చిలో వచ్చిన 111వ నంబరు జీవో జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధించింది. 2000లో సుప్రీంకోర్టు సైతం ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమిచ్చిన మినహాయింపును అంగీకరించక ఆ రక్షణను నిలబెట్టింది. అయినా ఫాంహౌసులు వచ్చాయి, కళాశాలలు వచ్చాయి, వాగులకు అడ్డంగా ప్రహరీలు లేచాయి. చివరకు 2022 ఏప్రిల్‌లో నాటి ప్రభుత్వం 69వ జీవోతో ఆంక్షలను సడలిస్తూ చెప్పిన కారణమేమిటో గుర్తుచేసుకోండి: నగర నీటి సరఫరాలో ఈ జలాశయాల వాటా ఒకటింబావు శాతానికి మించడం లేదట! వాడుకోవడం మానివేసినది మనమే. వాడుకలో లేదు గనుక కాపాడనక్కర లేదని తీర్పు చెప్పినదీ మనమే. ఈ తర్కాన్ని పాలకుల కంటే ముందు అర్థం చేసుకున్నవారు భూముల వ్యాపారులు.

జంట జలాశయాలు కోటి దాటిన జనానికి చాలవని మాకు తెలుసు. రెండూ నిండుగా ఉన్నా పట్టేది ఏడు టీఎంసీలకు లోపే. కృష్ణా, గోదావరి నీళ్లు రావలసిందే, వాటిని ఆపమని మేమనడం లేదు. కానీ వాన తెచ్చిపోసిన నీటిని చివరి బొట్టు వరకు వాడుకున్న తరువాత గదా ఎత్తిపోతల వంతు రావలసినది!

ఇప్పుడు వాననీటి బదులు గోదావరితో ఆ జలాశయాలను నింపుతామంటున్నారు. మల్లన్నసాగర్ పూర్తి మట్టం 557 మీటర్లు. ఎల్లంపల్లి నుంచి లెక్కవేసినా 400 మీటర్ల పైచిలుకు ఎత్తు. మూసీ కోసమని చెప్పిన 2.5 టీఎంసీలను అంత ఎత్తుకు చేర్చడానికే ఏడాదికి పది కోట్ల యూనిట్లు, 70 వేల టన్నుల కర్బన వాయువు. ఆపై మరొక ప్రశ్న, మాకు ఇంకా పెద్దదిగా తోచేది: వరదను పట్టుకోవడానికి కట్టిన జలాశయం ఖాళీ చోటుతో ఉండాలి. తెచ్చిన నీటితో దానిని ముందే నింపిపెడితే, సెప్టెంబరు వాన వచ్చినప్పుడు గేట్లు ఎత్తక ఏం చేస్తారు? అప్పుడు మునిగేది మణికొండ మేడలు కావు. మూసీ ఒడ్డున, వెళ్లడానికి మరో చోటు లేక నిలిచిన బస్తీలు.

పోనీ, ఇంత ఖర్చుతో వచ్చిన నీరు అందరికీ సరిగా అందుతున్నదా? నగరానికి వచ్చే నీటిలో సుమారు మూడోవంతు ఏళ్ల తరబడి లెక్కకు రావడం లేదు. కొంత దొంగ కనెక్షన్ల పాలు, మరికొంత పాత పైపుల లీకేజీల పాలు. లీకై నేలలో ఇంకిన ప్రతి వెయ్యి లీటర్లూ యూనిట్టుంబావు మింగి వచ్చినవే. 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు. పేదింటికి మేలైన పథకమే, మేము స్వాగతించాము. ఆ నీరు కృష్ణాదైతే దాని వెనుక 25 యూనిట్ల విద్యుత్తు ఉన్నదని ఏ బిల్లూ చెప్పదు. పాతబస్తీ గల్లీలలో, లైను చివర నివసించే కుటుంబాలకు రోజు విడిచి రోజు, అర్ధరాత్రో అపరాత్రో, సన్నని ధారగా నీరు వస్తుంది. ప్రెషర్ చాలక నల్లాకు మోటారు బిగిస్తారు. 2025 ఏప్రిల్‌లో అటువంటి మోటార్లను స్వాధీనం చేసుకుని ఐదు వేల రూపాయల జరిమానా విధించే కార్యక్రమాన్ని జలమండలి చేపట్టింది. మోటారు పెట్టడం తప్పే. పక్కింటి వాటాను లాగుతుంది. కానీ నగరం మొత్తానికీ 350 మీటర్ల మోటారు పెట్టుకున్నవారు, ఆఖరి మూడు మీటర్ల కోసం అరహార్స్‌పవర్ మోటారు పెట్టుకున్న గృహిణిని మాత్రమే నేరస్థురాలిగా నిలబెట్టడం మాకు మింగుడుపడడం లేదు. నీరు నల్లా చివరి వరకు ప్రెషర్‌తో చేరితే ఆ మోటారు దానంతటదే మూలపడుతుంది.

చేయదగిన పనులు చాలానే ఉన్నాయి. పాత లైన్లు మార్చాలి. జలాశయాలలోకి వచ్చే వాగుల దారులు తెరవాలి. నీటిని నిల్వచేయవచ్చు గనుక పంపులను వీలైనంతవరకు పగటిపూట సౌరవిద్యుత్తుతో నడపవచ్చు. అర్ధరాత్రి బొగ్గు కరెంటుతోనే తోడి తీరాలన్న నియమమేదీ లేదు. అన్నిటికంటే ముందు లెక్క బయటపెట్టాలి. 20 టీఎంసీల పథకానికి ఏటా ఎన్ని యూనిట్లు పడుతుంది, ఆ విద్యుత్తు ఎక్కడిది, ఆ బిల్లు ఎవరు కడతారు, జంట జలాశయాలలో వరదకు ఎన్ని అడుగుల ఖాళీని ఏయే నెలలలో విడిచిపెడతారు అన్నవి పైపులు భూమిలో దిగకముందే శాసనసభ ముందు లిఖితపూర్వకంగా ఉంచాలి. మూసీ ఒడ్డు బస్తీల ప్రతినిధులను పిలిచి, ఆ కాగితాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ వారి చేతికివ్వాలని మేము డిమాండ్ చేస్తున్నాము.