పదిని ఇరవై చేస్తే సరిపోదు సార్!

ఇంజినీరింగ్ మొదటి ఏడాది సీ ల్యాబ్‌లో మాత్రికల గుణకారం చేయకుండా బయటపడ్డవాళ్లు తక్కువ. చాలా రికార్డుల్లో ఆ ప్రోగ్రామ్ ఒకే అచ్చులో ఉంటుంది: ‘ఏ[10][10], బీ[10][10], సీ[10][10]’. గుణించేది రెండు మూళ్ల మాత్రికను, కేటాయించేది వంద గళ్లు. వైవాలో ఎక్స్‌టర్నల్ “పదకొండు వరుసలు ఇస్తే?” అంటే, కుర్రాడు తడుముకోకుండా “పదిని ఇరవై చేస్తాను సార్” అంటాడు.

తప్పు కుర్రాడిది కాదు, సిలబస్‌ది.

రెండు కొలతల అర్రే మెమరీలో పొడవాటి ఒకే వరుస. ‘ఇంట్ ఏ[3][4]’ అంటే పక్కపక్కనే 12 పూర్ణాంకాలు, ఇప్పటి మెషీన్లలో 48 బైట్లు. ‘ఏ[2][1]’ కావాలంటే కంపైలర్ 2ను 4తో హెచ్చవేసి, 1 కలిపి, 9 గళ్లు దాటుతుంది. ఈ లెక్కలో 4 కావాలి, 3తో పనే లేదు. అందుకే ఫంక్షన్‌లో ‘ఏ[][4]’ చెల్లుతుంది, ‘ఏ[3][]’ చెల్లదు. ఈ నాలుగు ముక్కలూ బోర్డు మీద గళ్లు గీసి చెబితే పది నిమిషాల పని. చెప్పకపోతే బట్టీయే గతి.

కాస్త చురుకైనవాళ్లు ఇంకో గోతిలో పడతారు. అర్రే పేరు పాయింటర్‌గా మారుతుందని విన్నారు కాబట్టి, రెండు బ్రాకెట్లకు రెండు స్టార్లు పెట్టి ‘ఇంట్ **ఏ’ అని రాస్తారు. మాత్రికలో మొదటి అంకెలు 1, 2 అనుకుందాం. మామూలు 64 బిట్ల పీసీలో ఫంక్షన్ ఆ రెంటినీ అతికించి 8,58,99,34,593 అనే అడ్రస్‌గా చదువుతుంది. అక్కడికి వెళ్లగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్! జీసీసీ చాలాకాలం దీన్ని వార్నింగ్‌తో వదిలేసేది. 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఎర్రర్ అనే అంటోంది.

మందు 1999 ప్రమాణంలోనే ఉంది. కొలతలు ముందు, అర్రే తర్వాత: ‘ఇంట్ ఆర్, ఇంట్ సీ, ఇంట్ ఏ[ఆర్][సీ]’. మధ్యలో 2011 ప్రమాణం దీన్ని ఐచ్ఛికం చేసినా, సీ23 ఇలాంటి పారామీటర్లను మళ్లీ తప్పనిసరి చేసింది. అయినా డాస్‌బాక్స్‌లో టర్బో సీ నీలి తెర తెరిచి కూర్చునే ల్యాబ్‌లకు ఈ కబురు అందదు. ఆ కంపైలర్ 1999కి ముందుది మరి.

రన్ టైమ్‌లో సైజు తేలే అర్రేలు ప్రమాదమని, 2018లో లైనక్స్ కెర్నల్ వాటిని వదిలించుకుందని కొందరు అధ్యాపకులు అడ్డు చెబుతారు. నిజమే. కానీ అది స్టాక్ మీద కొత్తగా చోటు తీసుకునే అర్రేల గొడవ. పారామీటర్‌లో వెళ్లేది అడ్రస్ ఒక్కటే, మాత్రిక నకలు కాదు. ఈ సదుపాయం లేని మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాడేవాళ్లు ఒంటి పాయింటర్ పంపి ‘ఐ*సీ+జే’ అని తామే లెక్కేసుకోవచ్చు. అదీ నేర్పాల్సిందే.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లు వచ్చే సిలబస్ సవరణలోనే ల్యాబ్‌లను జీసీసీకి మార్చాలి. ‘-వాల్’ పెట్టి, వార్నింగ్ ఒక్కటీ రాకుండా కంపైలైతేనే రికార్డు మీద సంతకం పడాలి. ఎక్స్‌టర్నల్ పరీక్షలో కొలతలను కీబోర్డు నుంచి ఇవ్వాలి, ముందు 2, 3, తర్వాత 11, 14. రెండింటికీ ఒకే ఫంక్షన్ పనిచేయాలి, కోడ్‌లో 10 అనే అంకె కనబడకూడదు.