ఫోన్ రూట్ చేయించే ముందు ఒక్కమాట

ఫోన్ నిండిపోయింది అనగానే మన ఊరి కుర్రాళ్లు "రూట్ చేస్తా, ఇటివ్వు బాబాయ్" అంటున్నారు ఈమధ్య. పోయిన మిరప కోతలప్పుడు మా అన్న కొడుకు నా ఫోన్ కూడా చేశాడు. అందుకే ఇది రాస్తున్నా.

ఆండ్రాయిడ్ అడుగున నడిచేది లినక్స్. అందులో సర్వాధికారాలూ ఉన్నవాడి పేరు రూట్. డబ్బు పెట్టి ఫోన్ కొన్నది మనమే అయినా ఆ అధికారం మనకివ్వరు. బోరు మనదే, స్టార్టర్ డబ్బా తాళం మాత్రం ఇంకొకడి జేబులో! ముందు బూట్‌లోడర్ లాక్ తీసి, మ్యాజిస్క్ లాంటిది ఎక్కించి, ఆ తాళం మన చేతికి తెచ్చుకోవడమే రూటింగ్.

ఆ కుర్రాళ్ల కోపం న్యాయమైందే. ఫోన్ కొన్నరోజే మనం అడగని యాప్‌లు బోలెడు ఉంటాయి, కొన్నింటికి తీసేసే బటనే ఉండదు. 2022 అక్టోబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసి, ముందే ఎక్కించిన గూగుల్ యాప్‌లు జనం తీసేసుకుంటే అడ్డుపడొద్దని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానా ఉంచి, ఆ తీసేసే మాట మాత్రం కొట్టేసింది. మనకి కావాల్సింది ఆ రెండోదే కదండీ.

ఇక నా సంగతి. బూట్‌లోడర్ లాక్ తీయగానే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ చేతిలో పడినా మన వివరాలు దొరక్కుండా పెట్టిన ఏర్పాటు అది. మావాడు "బ్యాకప్ ఉందా" అని అడిగాడు, ఉందన్నాను. ఉందనుకున్నా మరి! కల్తీ విత్తనం మీద అర్జీ పెడదామని తీసి పెట్టుకున్న ప్యాకెట్ల ఫోటోలు, లాట్ నంబర్లు, బిల్లు, అన్నీ పోయాయి. ఖాళీ ప్యాకెట్లు ఎప్పుడో తగలబెట్టేశాం. ఇంక అర్జీ ఏం పెడతాం? పిల్లాణ్ణి అనడానికి లేదు, తప్పు నాది.

ఆ శనివారం కోత కూలీల మేస్త్రికి డబ్బులు కొడదామంటే పేమెంట్ యాప్ తెరుచుకోలేదు. రూట్ అయిన ఫోన్ అని పసిగట్టిందట. ఇలా ఆగిపోయే బ్యాంకు యాప్‌లు చాలా ఉన్నాయి. రూట్‌ని దాచే చిట్కాలు ఉన్నాయంటారు గానీ అవి ఇవాళ పనిచేస్తే రేపు చేయవు. బ్యాంకుల భయంలో కూడా అర్థం ఉంది. తెలియక ఏదైనా దొంగ యాప్‌కి రూట్ అనుమతి ఇస్తే, అది పక్క యాప్ లోపలికి కూడా తొంగి చూడగలదు. పొద్దుగూకే వేళ పదిమంది ఆడోళ్లు గట్టు మీద కూర్చుంటే, నేను బండేసుకుని ఏటీఎంకి పరిగెత్తా.

తర్వాత తెలిసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. కంపెనీ ఎక్కించిన యాప్‌లు ఉండే గది వేరు, మన ఫోటోలు ఉండే గది వేరు. వాటిని రూట్‌తో పీకేసినా ఆ గది చోటు మన ఫోటోలకి రాదు. వాటి అప్‌డేట్లు, డేటా తిన్న చోటు ఒక్కటే వస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ మీద నొక్కి, అప్‌డేట్లు తీసేసి, డిసేబుల్ కొడితే అదే చోటు రూట్ లేకుండానే వస్తుంది. అన్నింటికీ ఆ బటన్ ఉండదు, చాలావాటికి ఉంటుంది. అసలు నా ఫోన్‌ని నింపింది వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ వీడియోలు!

కాబట్టి నా మాట ఇది: బ్యాంకు, ఓటీపీలు, పాస్‌బుక్ ఫోటోలు ఉన్న ఫోన్‌ని రూట్ చేయించొద్దు. మూలన పడేసిన పాత ఫోన్ ఉంటే పిల్లలకివ్వండి, సిమ్ తీసేసి ఇవ్వండి, దాని మీద నేర్చుకోనివ్వండి. ఆ విద్య చెడ్డదేం కాదు, మావాడు దానివల్లే కంప్యూటర్ పని పట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున రచ్చబండ దగ్గర ఉంటాను. ఫోన్ నిండిపోయినవాళ్లు చార్జింగ్ పెట్టుకుని రండి, వాట్సాప్ స్టోరేజ్ ఎలా ఖాళీ చేయాలో చూపిస్తా. విత్తనాల బిల్లులు మాత్రం ముందే ఇంకోచోట దాచుకుని రండి.